వచ్చేఏడాది సారుకి ఆఖరి మాట

ఓనరుగారికి, మా వదినకి, పూత విభాగంలోని అక్కచెల్లెళ్లకి, అన్నదమ్ములకి నమస్కారం. పని ఆపుకుని ఇంతమంది మా అన్నయ్య సంతాపసభకని ఈ క్యాంటీన్ హాల్లోకి వచ్చారు. వానలో తడుస్తూ వచ్చారు. ఆయనే చూసుంటే పొంగిపోయేవాడు. పొంగిపోయి, మిమ్మల్ని తిట్టేవాడు కూడా. వాన కోట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తూ తడుస్తారా, సిగ్గులేదా అనేవాడు.

నేను ఆయన చెల్లెల్ని. ఆయన పెద్దగా ఉండి నడిపిన ఈ పూత విభాగంలోనే పనిచేసి, ఒళ్లు సహకరించక మానేసినదాన్ని. ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లంతా ఆయన మంచివాడన్నారు. నిజమే, మంచివాడే. మంచంతా మీరు చెప్పేశారు కదా, మిగిలింది నేను చెప్తాను. నా చేతిలోంచి మైకు లాక్కోవాలని చూసేవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

ఆయన్ని మీరు వెనకాల ఏమని పిలిచేవాళ్లో నాకు తెలుసు. వచ్చేఏడాది సారు. నవ్వు ఆపుకోకండి, నవ్వండి. ఆయనకీ తెలుసు ఆ పేరు. గుడ్డ మీద నీళ్లు నిలవకుండా, మరక అంటకుండా మనం పూసే మందు ఉందే, అది మట్టిలో కలిసినా, నీళ్లలో కలిసినా, ఒంట్లోకి దూరినా ఓ పట్టాన పోదు. ఆ సంగతి మనకి చెప్పినవాడూ ఆయనే. మరి ఎప్పుడు మానేస్తాం సార్ అని అడిగితే, "వచ్చే ఏడాది" అనేవాడు. మన పిల్లలు పుట్టారు, పెరిగారు, పెళ్లిళ్లయ్యాయి. ఆయన వచ్చే ఏడాది మాత్రం రాలేదు.

తనిఖీవాళ్లు వచ్చిన రోజు గుర్తుందా? వెనక షెడ్డులో మందు డ్రమ్ములు తుప్పుపట్టి కారుతున్నాయని ఎవరో ఫిర్యాదు చేశారు. వాళ్లు మొహాలు గంటుపెట్టుకుని జీపు దిగారు. మా అన్నయ్య ఏం చేశాడు? వాళ్ల కోసం తెచ్చిన కాఫీ కప్పు తీసుకుని తన తెల్లచొక్కా మీదే ఒలకబోసుకున్నాడు. కాఫీ చుక్కలు చుక్కలుగా జారి కింద పడింది. చొక్కా మాత్రం మల్లెపువ్వులా మెరిసిపోతోంది. వాళ్లు చప్పట్లు కొట్టారు. మీరూ కొట్టారు. ఆ తరవాత షెడ్డు వైపు ఎవరూ అడుగు వెయ్యలేదు. వెళ్తూ వెళ్తూ తలో వాన కోటు చంకలో పెట్టుకుపోయారు. కింద పడ్డ కాఫీ మన ఆయా తుడుచుకుంది.

చివరికి ఆ మందు మానెయ్యాల్సిందేనని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గడువు పెట్టారు. ఆయన పొడిగించమన్నాడు, పొడిగించారు. మళ్లీ అడిగాడు, మళ్లీ ఇచ్చారు. ఇక కుదరదన్నాక కొత్త మందు తెప్పించాడు. గేటుకి పూలు కట్టించాడు, మిఠాయిలు పంచాడు. తీరా మూత తీసి చూస్తే అదే వాసన, చేతికి అదే జిడ్డు! పాతదానికి తోడబుట్టినదే, పేరు మార్చుకుని వచ్చింది. ఉత్తర్వులో దాని పేరుంది, దీని పేరు లేదు. అంతే తేడా. ఇదైనా ఒంట్లోంచి పోతుందా సార్ అని రంగుల మేస్త్రీ అడిగాడు. "పోతుందో లేదో తేలడానికి ఏళ్లు పడుతుందయ్యా. అప్పటికి నువ్వుంటావా, నేనుంటానా?" అన్నాడు మా అన్నయ్య. అన్నట్టే ఇద్దరూ లేరు. మేస్త్రీ ముందు పోయాడు, ఈయన వెనకాల వెళ్లాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఆయన జీవితంలో అదొక్కసారే.

వదినా, ఇప్పుడు చెప్పబోయేది నువ్వు వినలేకపోతే కాసేపు బయట కూర్చో. నేనేమీ అనుకోను.

తేడా వచ్చిన సరుకుని పనివాళ్ల ఇళ్లకి ఇచ్చెయ్యడం మన దగ్గర మొదట్నించీ ఉన్న అలవాటు. దుప్పట్లూ, టేబుల్ గుడ్డలూ మనందరి ఇళ్లలోనూ అలా వచ్చినవే. పాత మందు ఆపేసిన రోజున తొట్లలో ఇంకా కొంత మిగిలింది. దాన్ని వృథా చెయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు. ఉన్నదంతా పసిపిల్లల పక్కగుడ్డలకి పూయించాడు. తడి అంటదు, మరక పట్టదు, తల్లులకి చాకిరీ తగ్గుతుందన్నాడు. ఇదేం పని అన్నయ్యా అని నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. "అమ్మకూడదన్నారే గానీ ఇవ్వకూడదన్నారా?" అన్నాడు. ఇంటింటికీ పంచాడు. మీ పిల్లలు వాటి మీద పడుకున్నారు, పాకారు, కొసలు నోట్లో పెట్టుకుని చప్పరించారు.

మొదటి గుడ్డ ఎవరికిచ్చాడో తెలుసా? తన కూతురికి. అప్పుడే పుట్టిన మనవరాలి కోసం.

మా అన్నయ్య మోసగాడైతే నాకింత కడుపుమంట ఉండేది కాదు. మోసగాడు తన మనవరాల్నైనా తప్పించేవాడు. ఈయన నమ్మాడు. తను కలిపిన మందు తనవాళ్లని ఏమీ చెయ్యదని మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆ పిల్లకి గొంతు దగ్గర గ్రంథి పాడై, ఇప్పుడు పొద్దున్నే బిళ్ల మింగందే రోజు గడవదు. ఆ గుడ్డ వల్లేనా అని డాక్టర్ని అడిగాం. అలా చెప్పలేమన్నాడు. తేలడానికి ఏళ్లు పడుతుందట!

చివరికి మూత్రపిండాలు చెడిపోయి ఆయనా ఆస్పత్రిలో పడ్డాడు. ఇక లాభం లేదని డాక్టరు నాతో చెప్పేశాడు. అన్నయ్యా, పోయేలోపు ఒక్క మంచిపని చెయ్యి, షెడ్డులో ఇంకా పడున్న ఆ డ్రమ్ముల్ని నాశనం చేసే చోటుకి పంపించమని ఓనరుగారికి చెప్పు అని బతిమాలాను. నా చెయ్యి పట్టుకున్నాడు. ఎంత ప్రేమగా పట్టుకున్నాడో! "కంగారెందుకే, వచ్చే ఏడాది పంపించేద్దాం" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పడీపడీ నవ్వాను. పక్క మంచంవాళ్లు నన్ను రాక్షసి అనుకునుంటారు, అనుకోనివ్వండి.

ఓనరుగారూ, ఇందాక మీరు కళ్లు తుడుచుకుంటూ ఓ మాట ప్రకటించారు. వెనక షెడ్డు పడగొట్టి, మట్టి పోసి చదును చేయించి, మా అన్నయ్య పేరున తోట వేయిస్తామన్నారు. మధ్యలో విగ్రహం పెట్టిస్తామన్నారు. బాగుంది. మరి డ్రమ్ములు? వాటి ఊసే ఎత్తలేదేం? వాటి మీదే మట్టి పోస్తారా? మీ గదికి సీసా నీళ్లొస్తాయి. ఈ క్యాంటీన్లో వీళ్లు తాగేది షెడ్డు పక్కనున్న బోరు నీళ్లు. తోటలో పూలు పూస్తాయి, పిల్లలు ఆడుకుంటారు, కింద మా అన్నయ్య మందు చెక్కుచెదరకుండా ఉంటుంది. విగ్రహం ముక్కు ఊడిపోయాక కూడా అది ఉంటుంది. ఆయన్ని అంతకన్నా బాగా గుర్తుపెట్టుకునేది ఇంకేముంది? మీ విగ్రహం డబ్బులు దండగ.

ఇదిగో, షెడ్డు తాళంచెవి. ఆయన చొక్కా జేబులో ఉందని ఆస్పత్రివాళ్లు నా చేతిలో పెట్టారు. అదే తెల్లచొక్కా. ఒక్క మరక లేదు.

ఈ సభ అయిపోగానే నేను వెళ్లి ఆ తలుపు తీస్తాను. ఆ డ్రమ్ములు వెళ్లాల్సిన చోటుకి వెళ్లే లారీ ఎక్కేదాకా అక్కణ్నించి కదలను. వచ్చేవాళ్లు రండి, రానివాళ్లు ఇంటికెళ్లి పక్కగుడ్డలు ఉతుక్కోండి.

ఇక లేవండి. అందరూ లేవండి. ఓనరుగారూ, మీరు కూడా. రెండు నిమిషాలు నోరు మూసుకుని నిలబడదాం. మా అన్నయ్య బతికున్నన్నాళ్లూ ఈ ఫ్యాక్టరీలో అందరూ చేసిన పనే ఇది, కష్టమేం కాదు. కానీ రెండు నిమిషాలే. అవి అయ్యాక ఎవరూ మళ్లీ కూర్చోవద్దు.

అన్నయ్యా, నీ వచ్చే ఏడాది వచ్చేసింది.