తమ్ముడి కంచె

ఉద్యమంలో ప్రాణం పోగొట్టుకున్న తమ్ముడు, రాయికల్‌లో ఇంటి చుట్టూ నాటిన బ్లూబెర్రీ మొక్కల కంచె అది. దాని మీద అన్న గొడ్డలి ఎత్తాడు. తల్లి అడ్డం వచ్చింది.

“గీ ఎండలకు ఒక్క పండన్న కాసిందా, అవ్వా? కొట్టేసి గోడ పెడుదాం.”

“తమ్ముని దినం యాదికున్నదా, కొడుకా?”

“మరుస్తనా? యాటకూర పెట్టినం, కల్లు పెట్టినం, కాకి ముట్టలే. తెలంగాణ తెస్తమని అందరం మాటిచ్చినం. అయినా ముట్టలే.”

“ఆఖరుకు ముట్టింది గదా.”

“నువ్వేదో గొణిగినంక ముట్టింది. ఏమన్నవే?”

“‘నీ కంచె కొట్టనియ్య కొడుకా’ అని తమ్మునికి చెప్పిన.”

అతని చేయి ఆగిపోయింది. కంచె మీద ఓ కాకి కదలకుండా అతన్నే చూస్తోంది.

“గిది ఎప్పుడచ్చిందే?”

“నువ్వు గొడ్డలికి సాన పట్టంగనే అచ్చింది.”