ఛార్జింగ్ అక్కర్లేని లాప్‌టాప్

టీకొట్టు ముందున్న బెంచీ మీద ముగ్గురు కూర్చుంటే నాలుగో మనిషికి చోటుండదు. అయినా లిఫ్ట్ బాబాయ్ వస్తే ఉన్నవాళ్ళే జరిగి చోటిస్తారు. మేడల్లో లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు ఆయన. పనిలో ఎంత జాగ్రత్తో, మాటల్లో అంత ధారాళం.

ఆ సాయంత్రం దర్జీ టీ తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. కూతురికి కాలేజీలో సీటొచ్చింది, సోమవారం నుంచి క్లాసులు, లాప్‌టాప్ తెచ్చుకోమన్నారు. "కొనగలిగితే ఒక్కటి కొనగలను. పనికిరాని సరుకు అంటగట్టారంటే పిల్ల చదువు మొదట్లోనే కుంటుపడుతుంది. అసలు ఏం చూసి కొనాలి?" అని పక్కనున్న వడ్రంగిని అడిగాడు. జవాబు మాత్రం బాబాయ్ దగ్గర్నుంచి వచ్చింది.

"నన్నడగవేంరా? పోయినేడాది మా మేనకోడలికి ఎంచిపెట్టింది ఎవరనుకున్నావు? గొప్పకి చెప్పడం లేదు, నాకు గొప్పలంటే గిట్టవు, కావాలంటే ఈ అమ్మనడుగు."

"నన్ను మధ్యలోకి లాగకు అన్నయ్యా," అంది టీకొట్టామె, టీ వడపోస్తూ.

"ఆ మలుపులో మూడంతస్తుల షాపు లేదూ, అక్కడ లిఫ్ట్ మొరాయిస్తే కబురు పెట్టారు. వెళ్ళాను, బాగుచేశాను, ఎలాగూ వచ్చాం కదా అని కింద లాప్‌టాప్‌ల దగ్గర ఆగాను. సేల్స్‌మన్ ర్యామ్ అంటాడు, జీబీలంటాడు, ఊపిరి తీసుకోడు. బాబూ, పిల్ల వ్యాసాలు రాసుకోవాలి, లెక్కల పట్టికలు వేసుకోవాలి, క్లాసులు వినాలి, దానికింత ఆర్భాటమెందుకు, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా అన్నాను. వివరాల చీటీలు తీసి చేతిలో పెట్టాడు. మిషన్ని ఎంచడానికి నాకు వాళ్ళ చీటీలు అక్కర్లేదు. లిఫ్ట్ మోటారు గరగరమంటే బేరింగు పోయినట్టు, చెయ్యి పెడితే చురుక్కుమంటే త్వరలో మూలపడుతుందన్నట్టు. ఇక్కడా అదే పద్ధతి. ఒక్కో లాప్‌టాప్‌కీ చెవి ఆనించాను, అడుగున అరచెయ్యి పెట్టాను. అన్నీ రొదే, అన్నీ వేడే. ఒక్కటీ నచ్చలేదు."

"చెవి ఆనిస్తే షాపువాళ్ళు ఏమీ అనలేదా బాబాయ్?" దర్జీ అడిగాడు.

"అంటారా? గుమిగూడి నేర్చుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బాగుచేసిన లిఫ్ట్‌ని పైదాకా నడిపి చూడాలిగా, మూడో అంతస్తుకెళ్ళాను. అక్కడ కిటికీ పక్కన, టేకు బల్ల మీద, పూలకుండీ పక్కన, రాజాలా ఒక్కటే ఉంది. చెవి పెట్టాను, చప్పుడు లేదు. చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. ఎత్తాను, దూదిపింజ. నాకిదే కావాలన్నాను. అక్కడి సేల్స్‌మన్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళకి సరుకు తెలిసినవాడు దొరికాడని. మీ దగ్గర డబ్బు తీసుకోవడానికి చేతులు రావు సార్, పట్టుకెళ్ళండి అన్నాడు. తక్కినవాళ్ళని పిలిచి నన్ను చూపించాడు. వాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు."

వడ్రంగి గ్లాసు నోటిదాకా వచ్చి ఆగింది. "మూడో అంతస్తు అన్నావా బావా?"

"మూడోదే. మధ్యలో అడ్డు రాకు."

"ఛార్జింగ్ ఎంతసేపు నిలుస్తుంది బాబాయ్?"

"అసలు ఛార్జరే ఇవ్వలేదు. అడిగితే, దీనికి అవసరం రాదు సార్ అన్నాడు. నిజంగానే రాలేదు. ఏడాదైంది, ఒక్క రవ్వ తగ్గితే ఒట్టు."

"మరి కీబోర్డు? మా అమ్మాయి టకటకా కొడుతుంది."

"రాతికట్టడం. ఎంత గట్టిగా నొక్కినా ఒక్క కీ కూడా లోపలికి పోదు."

దర్జీ తల గోక్కున్నాడు. "లోపలికి పోకపోతే టైపు కొట్టడమెలా?"

బాబాయ్ ఒక గుక్క టీ తాగాడు, తర్వాత ఇంకో గుక్క తాగాడు. "అదేరా కిటుకు. కొట్టక్కర్లేదు. పిల్ల ఎదురుగా కూర్చుని అనుకుంటుంది, అది రాసేస్తుంది."

"అన్నయ్య ఒకటో అంతస్తు దాటాడు," అంది టీకొట్టామె.

దర్జీకి నవ్వులాట మీద ధ్యాస లేదు. "ఆఫీసు సాఫ్ట్‌వేర్ కూడా కావాలట. కొంటే ఏటా కట్టాలన్నారు. ఊరికే దొరికేది కూడా ఉందంటున్నారు. అందులో రాసి పంపితే కాలేజీలో తెరుచుకుంటుందా, పట్టికలు చెదిరిపోతాయా అని నా బెంగ."

"ఏటా కట్టడానికి అదేమైనా అద్దె ఇల్లా? నేను కొన్నదీ వేయించలేదు, ఊరికే దొరికేదీ వేయించలేదు. మేనకోడలు వ్యాసానికి పేరొకటి అనుకుని పడుకుంది. తెల్లారేసరికి పట్టికలతో, బొమ్మలతో సహా తయారు. కాలేజీకి పంపితే, మన ఫైలు వస్తోందని తెలిసి అక్కడి కంప్యూటర్లన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి. తాళం వేసిన గదిలోవి కూడా. అది చదివిన లెక్చరర్, ఇక నేను చెప్పేదేముంది అని సెలవు పెట్టి వెళ్ళాడు. ఇప్పటికీ రాలేదు."

"రెండు," అందామె.

"కరెంటు లేకపోయినా నడుస్తుందా?" దర్జీ ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"నడవడమా? ఒకసారి పెద్ద మేడలో లిఫ్ట్ చూస్తున్నాను, కరెంటు పోయింది. నాతోపాటు లోపల ఓ గుంపు జనం, అందులో ఒక పెళ్ళికొడుకు, అవతల ముహూర్తం దాటిపోతోంది. సంచిలో మేనకోడలి లాప్‌టాప్ ఉంది. తీశాను, మోటారు తీగలు రెండూ దానికి తగిలించాను. రయ్యిమని లేచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పై అంతస్తులో ఆగలేదు. డాబా దాటింది. మబ్బులు దాటింది. కొంగలు కింద ఎగురుతున్నాయి. విమానం నడిపేవాడు కిటికీలోంచి చూసి, దారివ్వండి సార్ అని సైగ చేశాడు. జనం గోల. నేను మాత్రం కంగారు పడలేదు, మెల్లిగా లాప్‌టాప్ మూత వేశాను. లిఫ్ట్ తిన్నగా కల్యాణమండపం గుమ్మంలో దిగింది. పెళ్ళికొడుకు చొక్కా మడత కూడా నలగలేదు."

వడ్రంగి ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"బావా, ఆ మూడో అంతస్తులో బల్లలు బిగించేది నేనే. అక్కడ అమ్మేది బల్లలూ మంచాలే. ఉత్త బల్ల చూస్తే ఎవరికీ కొనబుద్ధి కాదని, దాని మీద అట్టతోనూ ప్లాస్టిక్‌తోనూ చేసిన ఉత్తుత్తి లాప్‌టాప్ ఒకటి పెడతారు. పోయినేడాది ఒకటి ఎవరో పట్టుకెళ్ళారని నవ్వుకుంటూ చెప్పారు, ఆ మహానుభావుడు ఎవరా అనుకున్నాను. నాకొక్కటే తెలియలేదు. దాని పక్కనున్న పూలకుండీ ఎందుకు వదిలేశావు? దానికీ నీళ్ళు పోయక్కర్లేదు."

టీకొట్టామె చేతిలో గరిటె గిన్నెలో పడింది. బెంచీ ఊగిపోయేలా నవ్వారు. దర్జీ మాత్రం నవ్వలేదు. పాపం, ఆ మూడో అంతస్తుకి రేపు పొద్దున్నే వెళ్దామని అప్పటికే లోలోపల లెక్క వేసుకున్నాడు.

"మరి బాబాయ్ మేనకోడలు దేని మీద చదివింది?" అని బిక్కమొహంతో అడిగాడు.

"ఇదే బెంచీ మీద," అంది టీకొట్టామె కళ్ళు తుడుచుకుంటూ. "ఎవరో వాడిన పాత లాప్‌టాప్ కొనుక్కుంది. రొద చేసేది, వేడెక్కేది, శుభ్రంగా పనిచేసేది. సాఫ్ట్‌వేర్ ఊరికే దొరికేదే. కాలేజీకి ఏ రకం ఫైలు కావాలో ముందే కనుక్కుని, ఆ రకంగా దాచి పంపేది. ఒక్కసారీ వెనక్కి రాలేదు. రేపు ఇటే వస్తుంది, నువ్వే అడుగు."

దర్జీ మొహం తేటపడింది. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

బాబాయ్ లేచి చొక్కా సర్దుకున్నాడు. "ఎవరేమన్నా అనుకోనీ. రేపు కొనడానికి నేనూ వస్తాను. నేను లేకపోతే ఆ షాపువాళ్ళు నిన్ను నిలువునా ముంచేస్తారు."

"తప్పకుండా రండి బాబాయ్," అన్నాడు దర్జీ. "ఒక్కోదానికీ చెవి పెట్టి చూడండి. మీరు దేన్ని మెచ్చుకుంటే దాన్ని వదిలేసి, పక్కది కొంటాను."