చివరగా బయటికొచ్చినవాడు

ఆసుపత్రి వరండాలో, ఇంకా మసి కడుక్కోని ఫైర్‌మన్ మొగుడి పక్కన కొత్త పెళ్లాం సంబరంగా కూర్చుంది. లోపల అతని ఆఫీసర్‌కి విరిగిన భుజానికి కట్టు కడుతున్నారు.

“మంటల్లోంచి అందరికంటే చివర వచ్చింది మీరేనని అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పేశా!”

“అప్పుడే చెప్పేశావా?”

“చెప్పనా మరి? నా మొగుడండీ!”

“బండి హారన్ ఆగకుండా మోగిందంటే, పైకప్పు కూలబోతోందని అర్థం. పైపు అక్కడే పడేసి పరిగెత్తాలి. అందరూ పరిగెత్తారు.”

“మీకు వినపడలేదా?”

“వినపడింది.”

ఆమె నవ్వు ఆగిపోయింది.

“లోపల ఎవరైనా చిక్కుకున్నారా?”

“ఎవరూ లేరు. నేను రాలేదని మా ఆఫీసరే వెనక్కొచ్చారు. నన్ను పక్కకి తోశారు. దూలం ఆయన మీద పడింది. ఆయన్ని ముందు బయటికి పంపి, వెనక నేనొచ్చాను.”

“అసలెందుకు ఆగారండీ?”

“పోయినసారి హారన్ వినగానే వచ్చేశానంటే, ‘మా వీరుడు పరుగులో ఫస్టు’ అని పడీపడీ నవ్వావు.”

“అయ్యో, సరదాకన్నానండీ!”

“తెలుసు. అయినా ఈసారి నీకు గొప్పగా చెప్పుకోవాలనిపించింది.”

లోపల్నించి నర్సు వచ్చి అతనితో ఏదో చెప్పి వెళ్లింది.

“ఆయన పిలుస్తున్నారట. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?”

“నేనూ వస్తాను. ఆ మాటన్నది నేనేనని చెప్తాను.”

“వద్దు. నువ్వు నవ్వావంతే. హారన్ విని కూడా ఆగింది నేను.”