తాటి తొర్రలో చిలుక

పెద్దతనంలో అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి, నా రాత కూడా నిదానమే.

ఆలేరు దగ్గరి చేనులో, తల విరిగిన తాడిచెట్టును నరకడానికి భర్త గొడ్డలి ఎత్తాడు. భార్య సద్దిమూటతో పరుగున వచ్చింది.

“ఆగయ్యా! తొర్రల చిలుక గుడ్లు పొదుగుతాంది.”

“ఒక్కటే తిరుగుతాంది గదనే. గూడుంటే రెండు కనవడాలె.”

“మెడకు ఎర్రపట్టీ ఉన్నది మగది. పొదిగేటప్పుడు ఆడది బయటికి రాదు. మగదే మేత తెచ్చి దాని నోట్ల పెడ్తది. జర సూడు!”

నిజమే. తొర్రలోంచి ఇంకో ముక్కు తొంగిచూసింది.

“మరి కొట్టానికి దూలం?”

“వానలకు మూడు నెలలున్నయి. పిల్లలు ఎగిరినంక కొట్టు. ఇన్నేండ్లల్ల నువ్వెన్నడన్న నాకు గా చిలుక లెక్క నోట్ల పెట్టినవా?”

అతను గొడ్డలి కింద పెట్టి, సద్దిమూట విప్పి, జొన్నరొట్టె తుంచాడు.

“నోరు తెరువు.”

“ఎవలన్న సూస్తరయ్యా!”

“చిలుకలే గద, సూడనియ్యి.”

ఆమె అటూ ఇటూ చూసి నోరు తెరిచింది.

— మొగిలిపాక జానమ్మ, అరవై ఏడేళ్లు. ఇప్పుడు ఉండేది భువనగిరిలో.