రెండో టవరు

కూకో మరిదీ, కూకో. గుమ్మంలోంచే ఎనక్కి తిరిగిపోతన్నావేటి? వదిన మొకం చూడగానే తామ్వే కొట్టులో పని గుర్తొచ్చిందా? నీ కొట్టు నువ్వు లేకపోయినా నడుస్తాది. ఆ తలుపు దగ్గరికెయ్యి. లోపల మీ అమ్మ తొంగుంది.

ఏటీ, స్కానర్ పాడైందా? పాడవలేదు బాబూ, బంగారంలాగ పనిచేస్తంది. పాడైంది నీ బుద్ధి!

ఈ స్కానర్ పెట్టెని తెచ్చినప్పుడు ఏటన్నావు సూరీ? "అన్న టగ్గు పడవ నదిలోకి పోతే ఫోను అందదు వదినా, రేవు కంపెనీ వైర్‌లెస్ మాటలన్నీ ఇందులో ఇనపడతాయి, అన్న గొంతు ఇంటూ వంట చేసుకో" అన్నావు. ఎంత మురిసిపోయినానో! ఇలాంటి మరిది ఈ పజుండౌంగ్ పేట మొత్తంలో ఎవరికున్నాడని ఈధిలో అందరికీ చెప్పుకున్నాను. సిగ్గుండాలి నాకు.

తరవాత పెట్టె నోరు మూసీసింది. అడిగితే ఏటి చెప్పినావు? గుర్తులేదా? నానే చెప్తాను. "కంపెనీకి రెండు టవర్లు వదినా. ఊళ్ళో ఒకటి, నది దిగువన ఒకటి. అన్నోళ్ళ గుంపులో ఒక్క పడవైనా ఊరి టవరు కింద ఉంటేనే వాళ్ళ మాట ఇక్కడ పలుకుతాది. అందరూ దిగువకి పోతే ఈ టవరు ఊరుకుంటాది." అంతే కదా? అందులో అబద్ధం ముక్క లేదు. అదే నాకు ఒళ్ళు మండేది! నిజమే చెప్పి, మిగతాది మింగీసినావు.

దిగువ టవరుని కూడా ఇందులో పెట్టొచ్చని ఎందుకు చెప్పలేదు?

ఇంత దూరం అందదా? ఎవరికి చెప్తన్నావయ్యా? డాబా మీద యాంటెన్నా కట్టినప్పుడు నిచ్చెన పట్టుకున్నది నాను కాదేటి? నువ్వు బటన్లు నొక్కుతుంటే పక్కన టీ పట్టుకుని నించున్నదాన్ని. నాకు కళ్ళు లేవనుకున్నావా?

పొద్దున్న గంజి వార్చి కూకున్నాను. ఎతికే బటన్ నొక్కినాను. ఒక చోట గాలి, ఒక చోట ఎవడిదో నవ్వు. ఒక్క చోట మాత్రం ఆగకుండా గరగర గరగర. కంట్రోల్ ఛానలంటే అలగే మొత్తుకుంటాదని నువ్వే చెప్పినావు, ఏ పడవ ఏ దారిలో మాటాడాలో చెప్పేది అదేనని. ఆ అంకె తీసుకెళ్ళి ఊరి టవరు అంకె పక్కన పెట్టినాను. ఏదీ, పలికితేనా? పెట్టె ఊరి టవరునే పట్టుకుని ఏలాడింది. ఒకే గదిలో ఇద్దరు కోడళ్ళని పెట్టినట్టైంది. అప్పుడు దానికి వేరే సైటు, అంటే వేరే గది, తెరిచినాను. గుంపు నంబరు మాత్రం పాతదే, టవరు మారినా అది మారదు కదా.

పలికింది సూరీ! తెర మీద మీ అన్న టగ్గు నంబరే. పెట్టెకి చెవి ఆనించినాను.

గొంతు మీ అన్నది కాదు.

ఎవడో కుర్రాడు. ఇంకో టగ్గోడు బర్మా మాటల్లో అడిగినాడు, కో దండాసి ఏడీ అని, మీ అన్న పేరు పెట్టి. "పని ఒగ్గేసి థాయ్‌లాండు దాటిపోయినాడుగా, నీకు తెలీదా" అన్నాడీ కుర్రాడు. తెలీదా అంట! నది మీద అందరికీ తెలుసు, నీకు తెలుసు. కట్టుకున్నదానికి మాత్రం తెలీదు!

తలొంచుకుంటావేటి, చూడు ఇటు. చెప్తే వదిన ఎళ్ళనివ్వదన్నాడా? ఎళ్ళనివ్వను! కాళ్ళకడ్డం పడిపోయుందును. ఏ అడివిలో నడుస్తన్నాడో, ఎవడి చేతికి దొరికినాడో అని భయపడాల్సినదాన్ని నాను. ఆ భయం కూడా నాకు దక్కకుండా చేసినారు అన్నదమ్ములిద్దరూ. ఇక్కడ కూకుని, ఆయన దిగువన చేపల పులుసు తింటన్నాడనుకుని నవ్వుకున్నాను, థూ!

పెట్టెని నేలకేసి కొడదామని ఎత్తినాను. ఒట్టు. ఎత్తినాను కూడా.

అప్పుడే మీ అమ్మ గోడ తడుముకుంటూ వచ్చింది. "పలికినాడా నా కొడుకు?" అంది. చూపు లేదు, చెవి అంతంతమాత్రం. పెట్టె మీద చెయ్యేసి "వేళకి తింటన్నావా నాయినా?" అంది. సరిగ్గా అప్పుడే ఆ కుర్రాడు "హొకే, హొకే" అన్నాడు. ఎవడితోనో, అవును అవును అని. మీ అమ్మ మొకం చూడాల్సింది సూరీ. అన్నం పెట్టమని తనే అడిగింది, ఇన్నాళ్ళకి.

మీ అన్న ఫోను చేస్తే చెప్పు. ఆయన బదులు పలికేవోడు దొరికినాడని, తల్లికి ఆయన కంటే ఎక్కువ జవాబిస్తన్నాడని చెప్పు.

అదిగో, మళ్ళీ పలుకుతంది. మీ అమ్మ లేచింది. నువ్వు నోరెత్తకు.

ఆఁ, వస్తన్నానత్తా! అవునత్తా... నీ కొడుకే.