దండపాల మహారాజు ప్రభుత్వం పడిపోయిన సాయంత్రం

"తాతయ్యా, కాలేజీలో వ్యాసం రాయమన్నారు. రాజు దుర్మార్గుడైతే ప్రభుత్వం ఎలా కూలిపోతుందో సాహిత్యం నుంచి చూపించాలట. నీకేమైనా తెలుసా?"

నన్నడుగుతున్నావా తల్లీ. నేను చదివింది ఐదో తరగతి. అది కూడా మా పంతులుగారు నా మొహం చూడలేక పైకి తోసేస్తే వచ్చిన ఐదు. పుస్తకాల సంగతి నాకేం తెలుస్తుంది. కానీ ఒక ప్రభుత్వం పడిపోతుంటే మాత్రం దగ్గర నుంచి చూశాను. ఎంత దగ్గరంటే, ఇదిగో, ఆ మంచం ఉన్నంత దూరం. నా చేతిలో బల్లెం కూడా ఉంది. ఫోను మరీ అంత దగ్గర పెట్టకు, నేనేం పాట పాడబోవటం లేదు. అవుతోందా రికార్డు? సరే.

ఎమర్జెన్సీ రోజులు. మీ నాన్న అప్పటికి పాకుతున్నాడు. కాదు కాదు, మీ నాన్న నడుస్తున్నాడు, పాకేది మీ అత్త. మా ఊరి హైస్కూలుకి మంగళగిరి నుంచి ఒక తెలుగు మాస్టారు వచ్చారు. సన్నగా ఉండేవారు. సైకిలు తొక్కుతూ కూడా చదివేవారు. రెండుసార్లు కాలవలో పడ్డారు. రెండుసార్లూ ముందు పుస్తకాన్ని ఒడ్డుమీద పెట్టి, తర్వాత తను ఎక్కారు.

ఆయనకి ఒకటే పిచ్చి. టీ కొట్టు దగ్గర నన్ను కూర్చోబెట్టుకుని, "ఏసోబూ, కోటలు కూలిపోయిన రోజు గురించి అందరూ రాశారోయ్. శత్రువు వచ్చాడని ఒకరు, మంత్రి మోసం చేశాడని ఒకరు, జనం తిరగబడ్డారని ఒకరు. కూలే ముందు రోజు ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ సరిగ్గా రాయలేదు," అనేవారు. "ముందు రోజు ఏముంటుందండీ, వంట చేసుకుంటారు," అన్నాను నేను. ఆయన జేబులోంచి నోటు పుస్తకం తీసి అది రాసుకున్నారు. అలాంటి మనిషి. టీ డబ్బులు మాత్రం నేనే ఇచ్చాను. పదిహేను పైసలో ఇరవయ్యో.

ఆయనే ఒక నాటకం రాశారు. దండపాల మహారాజని ఒక రాజు, వాడి పాపాలు, చివరికి ప్రభుత్వం పడిపోవటం. మూడు గంటల నాటకం. అయితే ఆ రోజుల్లో పదిమంది ఒకచోట చేరాలంటే పోలీసుల పర్మిషన్ కావాలి. అందులోనూ ప్రభుత్వం పడిపోయే నాటకం. ఎవరిస్తారు? మాస్టారు వెళ్లి పంచాయతీ ప్రెసిడెంటుగారిని అడిగారు. ప్రెసిడెంటుగారు నాటకం అంతా విని, "పర్మిషన్ నేను తెస్తాను. రాజు వేషం నేనే వేస్తాను. నేనే రాజునైతే ఇంకెవరిమీద రాశావని అనుమానం వస్తుంది?" అన్నారు. చూశావా, ఆ మాటలో తప్పు పట్టేందుకేం లేదు. మాస్టారు ఒప్పుకున్నారు.

ప్రెసిడెంటుగారి గురించి చెప్పాలి నీకు. నల్ల కళ్లద్దాలు పెట్టేవారు. విజయవాడ గవర్నర్‌పేటలో కొన్నారు. ఇంట్లో కూడా తీసేవారు కాదు, అందుకని గడపలు తన్నుకునేవారు. ఊళ్లో అందరం ఏదో ఒక దారిన ఆయన చేతికింద వాళ్లమే. నేను ఆయన పొలం రెండెకరాలు కౌలుకి చేసేవాణ్ణి. మీ నాయనమ్మకీ పిల్లలకీ నాకూ ఏడాది తిండి ఆ రెండెకరాలే. ఆయన కోప్పడినప్పుడల్లా తిట్టేవారు కాదు, "పొలం ఎలా ఉందిరా?" అని అడిగేవారు. అంతే. నాకు రెండు రోజులు అన్నం సయించేది కాదు.

నాకు భటుడి వేషం ఇచ్చారు. ఒకటే మాట. రాజు "ఎవరక్కడ?" అంటాడు, నేను బల్లెం పట్టుకుని వచ్చి, "చిత్తం మహాప్రభూ" అంటాను. నాటకం మొత్తంలో పదకొండుసార్లు. మీ నాయనమ్మ పదకొండుసార్లూ ఇంట్లో నాతో చెప్పించింది, మర్చిపోతానేమోనని.

మొదటి వారం రిహార్సల్ బాగానే జరిగింది. రెండో వారం ప్రెసిడెంటుగారు ఎర్ర పెన్సిల్ తెచ్చారు.

మంత్రి వేషం టైలర్ కోటయ్యది. వాడు దసరాకి ఇచ్చిన జాకెట్టు ఉగాదికి కుట్టిచ్చే రకం, కానీ నాటకంలో మాత్రం టైముకి వచ్చేవాడు. వాడు రాజు ముందు నిలబడి, "ప్రభూ, ప్రజలు ఆకలితో ఉన్నారు, పన్నులు తగ్గించండి," అనాలి. ప్రెసిడెంటుగారు ఆపారు. "మాస్టారూ, ఊరంతా వింటుండగా వీడు నన్ను పన్ను తగ్గించమంటే రేపు ఇంటిపన్ను ఎవరైనా కడతారా?" అన్నారు. ఎర్ర పెన్సిల్‌తో మంత్రిని కొట్టేశారు.

సేనాపతి ట్రాక్టర్ డ్రైవర్ రంగా. బాతుల్ని చూస్తే పక్క సందులోంచి వెళ్లేవాడు కానీ కత్తి పడితే చూడాలి. వాడు కత్తి దూస్తే ఆడవాళ్ల వైపు నుంచి చప్పట్లు. "రాజుకంటే పెద్ద మీసం ఉన్న సేనాపతి ఎక్కడైనా ఉంటాడా?" అన్నారు ప్రెసిడెంటుగారు. మీసం తీసేయమన్నారు. వాడు రాత్రంతా ఆలోచించి, సేనాపతి పదవే వదులుకున్నాడు. మీసం దక్కింది.

తిరగబడే జనం ఇరవైమంది కుర్రాళ్లు. వాళ్లని ఒకేసారి కొట్టేశారు. ఎస్సైగారు ఒప్పుకోరట. ఎస్సైగారిని ఎవరూ అడగలేదనుకో.

రాణి వేషం ఆవిణ్ణి విజయవాడ నుంచి పిలిపించారు. సొంత కేరియర్లో అన్నం తెచ్చుకుని, ఒంటిగంటకల్లా తినేసి, ఆ తర్వాత ఏడవటం మొదలుపెట్టేది. చక్కగా ఏడ్చేది. ఆవిడ రాజుని, "ఇంత పెద్ద కోటలో మీకంటూ ఎవరున్నారు?" అని అడగాలి. ప్రెసిడెంటుగారు ఆ పేజీ రెండుసార్లు చదివి, ఆవిడ వేషం మొత్తం కొట్టేశారు. ఆవిడ, "నా డబ్బు నాకిస్తారుగా," అని, ఇచ్చేస్తే కేరియర్ సర్దుకుని బస్సెక్కింది.

నేను మాస్టార్ని అడిగాను. "మీ నాటకం అయిపోతోంది కదండీ, మీరేం అనరేం?" ఆయన నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు. "ఆగు ఏసోబూ, ఇక్కడ ఏదో జరుగుతోంది. నేను రాసినదానికంటే బాగుంది," అన్నారు. ఆ మర్నాడు ఆయన్నే కొట్టేశారు. తెర పక్కన కూర్చుని మాటలు అందించేది ఆయనే. "నాకు అన్నీ నోటికొచ్చు. పక్క నుంచి గుసగుసలు వినపడితే రాజు పరువేంగాను," అన్నారు ప్రెసిడెంటుగారు.

మిగిలింది నేను. నేను "చిత్తం మహాప్రభూ" అంటే చూసేవాళ్లు నవ్వేవారు. నేనేం చేశాను తల్లీ, మామూలుగానే అన్నాను. మా నాన్న పోయినప్పుడు కూడా నా మొహం ఇలాగే ఉందట. కానీ ఆయనకి అనుమానం. నాటకం రోజు మధ్యాహ్నం నన్ను పిలిచి, "నువ్వు నోరు తెరవకు. స్టేజీ మీదకి అసలు రాకు. తెర పక్కన బల్లెం పట్టుకుని నిలబడు, చాలు. ఒక్క అడుగు వేశావా, ఆ రెండెకరాలు మర్చిపో," అన్నారు. "అలాగేనండీ," అన్నాను.

స్కూలు వరండాయే స్టేజీ. ఏడింటికే మొదలుపెట్టాం, హార్మోనియం ఆయన హనుమాన్ జంక్షన్‌లో ఆఖరి బస్సు పట్టుకోవాలని. మా చర్చి బెంచీలు తెచ్చి ముందు వరసలో వేశారు. మాస్టారు తప్ప కొట్టేసినవాళ్లందరూ ఆ బెంచీలమీదే కూర్చున్నారు. మంత్రి, సేనాపతి, తిరగబడాల్సిన జనం. వేరుశనక్కాయలు తింటూ. వాళ్ల పక్కన పెద్ద కుర్చీ వేసి ప్రెసిడెంటుగారి అమ్మగారిని కూర్చోబెట్టారు. ఎనభై ఏళ్లుంటాయి ఆవిడకి. నాటకం అంటే కొడుకు వేషం వేస్తున్నాడని తెలుసు, అంతకంటే ఆవిడకి అక్కర్లేదు.

మొదట పది నిమిషాలు బాగా చేశారు. ఉన్నది చెప్పాలి, గొంతు మంచిది. కిరీటం కొంచెం పెద్దదై చెవులమీదకి జారుతోంది, అయినా బాగుంది. తర్వాత, "ఈ సింహాసనం నా భుజబలంతో నిలిచింది గాని..." అని చెయ్యి పైకెత్తారు. అక్కడ ఆగిపోయారు. ముందుది రాలేదు.

మళ్లీ మొదట్నుంచీ అందుకున్నారు. "ఈ సింహాసనం నా భుజబలంతో నిలిచింది గాని..." రాలేదు.

మా నాటకాల్లో దీనికొక పద్ధతుంది, నీకు తెలియదు. రాజుకి మాట తప్పితే వెంటనే "ఎవరక్కడ?" అంటాడు. భటుడు వస్తాడు, దండం పెడతాడు, ఆ దండం పెట్టే వంకతో మర్చిపోయిన మాట మెల్లగా చెవిలో వేస్తాడు. చూసేవాళ్లకి తెలియదు. ఎంత పెద్ద నటుడైనా అలాగే గట్టెక్కుతాడు. అందుకే రాజు లేకపోయినా నాటకం నడుస్తుందేమో గాని, భటుడు లేకపోతే నడవదనేవాళ్లు పాతవాళ్లు.

ఆయన, "ఎవరక్కడ?" అన్నారు.

నెలరోజులు విన్నాను, ఆ మాట నాకు తెలుసు. నా కాలు కదిలింది కూడా. అప్పుడు గుర్తొచ్చింది, అడుగు వేస్తే రెండెకరాలు పోతాయి. వెయ్యకపోతే? అది ఆయన చెప్పలేదు. మాస్టారు నా పక్కనే నిలబడి ఉన్నారు. మాటలు అందించొద్దన్నారు కదా, నోటు పుస్తకం మూసి నన్నే చూస్తున్నారు. ఆడవాళ్ల వైపు నుంచి మీ నాయనమ్మ, వెళ్లు వెళ్లు అని చేత్తో సైగ చేస్తోంది. దానికి తెలియదుగా, ఆయన నాతో ఏమన్నారో.

"ఎవరక్కడ?"

ఇది మీ నాయనమ్మకి కూడా చెప్పలేదు తల్లీ. నేను వెళ్లకపోవటానికి పొలం ఒక్కటే కారణం కాదు. భయం ఉంది, ఉంది. కానీ దాని పక్కనే ఇంకొకటి ఉంది. అసలు వెళ్లకపోతే ఏమవుతుందో చూద్దామనిపించింది. అంతే. కోపం కూడా కాదు. మాస్టారి జబ్బు నాకు అంటుకుందేమో.

మూడోసారి ఆయన గొంతు మారింది. రాజు గొంతు కాదది. "ఎవరక్కడ... ఎవరైనా ఉన్నారా?" అన్నారు. హార్మోనియం ఆయన కూడా ఆపేశాడు. శనక్కాయలు ఒలిచే చప్పుడు కూడా ఆగింది.

అప్పుడు పెద్ద కుర్చీలోంచి వాళ్ల అమ్మగారు, మామూలుగా, ఇంట్లో పిలిచినట్టు, "ఎవరూ లేర్రా నాయనా. దిగి రా, అన్నం చల్లారిపోతోంది," అన్నారు.

ముందు ఎవరూ నవ్వలేదు. ఆయన కిరీటం తీసి చేతిలో పట్టుకుని ఒక నిమిషం అలాగే నిలబడ్డారు. అది చూసి మొదట కోటయ్య నవ్వాడు. తర్వాత ఇక ఆపేవాళ్లు లేరు. ఆయన మెట్లు దిగి, జనం మధ్యలోంచే, వాళ్లమ్మని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లిపోయారు. దండపాల మహారాజు ప్రభుత్వం అలా పడిపోయింది. ఒక్క కత్తి కూడా దూయలేదు.

బెంచీలు మోస్తూ మాస్టార్ని అడిగాను, ముందు రోజు ఏం జరుగుతుందో తెలిసిందా అండీ అని. "తెలిసింది ఏసోబూ. ఏమీ జరగదు. అందరూ చెప్పింది చెప్పినట్టు చేస్తారు," అన్నారు. ఆ నవ్వులో ఆయన కలవలేదు, అది మాత్రం నాకు గుర్తు.

తెల్లారి ప్రెసిడెంటుగారి నుంచి కబురొచ్చింది. మీ నాయనమ్మ ప్రార్థన చేసి పంపింది. ఆయన పడక కుర్చీలో ఉన్నారు. కళ్లద్దాలు లేవు. కళ్లు చిన్నవి, మామూలు కళ్లే.

"ఎందుకు రాలేదురా?"

"మీరు రావద్దన్నారు కదండీ."

"పిలిచాను కదరా."

"పిలిచారండీ. పిలిస్తే రావచ్చని మాత్రం చెప్పలేదండీ."

కళ్లద్దాలు సర్దుకోబోయి, మొహం మీద లేవని చెయ్యి దించారు. తర్వాత, "నేను మర్చిపోయిన మాట నీకు తెలుసా?" అన్నారు.

"తెలుసండీ."

"ఏంటది?"

"'మీ దయతో కాదు' అండీ."

దాన్ని ఆయన లోపల ఒకసారి అనుకున్నారు, పెదాలు కదిలాయి. "ఇంత చిన్న మాటా," అన్నారు. మళ్లీ, "ఇలా చేస్తే ఇలా అవుతుందని ముందుగా ఒక్కడైనా చెప్పొచ్చు కదరా నాకు," అన్నారు.

"చెప్పేది మంత్రి అండీ. ఆ వేషం కొట్టేశారు."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. నేను ఎగతాళి చేస్తున్నానేమోనని చూశారు. నా మొహంలో ఏం కనపడుతుంది, నీకు తెలుసుగా. నేనే ధైర్యం చేసి, "పొలం సంగతండీ..." అన్నాను. "చూద్దాంలే, వెళ్లు," అన్నారు.

వారానికి కబురు పంపారు. రెండెకరాల్లో ఒకటి వేరేవాళ్లకి ఇచ్చేశారు. ఒకటి నాకే ఉంచారు. ఆ ఏడు సగం కడుపుతోనే గడిచింది మాకు, మీ నాయనమ్మ ఇటుకబట్టీలో పనికెళ్లింది. అందుకు నన్నెప్పుడూ ఒక మాట అనలేదు, అనుంటే బాగుండేది.

ఒక ఎకరం ఎందుకు తీసేసుకున్నారో నాకు తెలుసు తల్లీ. అందులో వింతేం లేదు. రెండోది ఎందుకు ఉంచారో, అదే తెలియదు. సిగ్గేసిందా, మళ్లీ ఎప్పుడైనా పిలిస్తే పలకటానికి ఒకడుండాలనుకున్నారా, వాళ్ల అమ్మగారు ఏమైనా అన్నారా. ఆ తర్వాత పదేళ్లు వరిచేలో, చర్చి ముందు, బస్టాండులో ఎన్నిసార్లు ఎదురుపడ్డామో. అడగొచ్చు. అడగలేదు. ఇప్పుడు ఆయన లేరు.

ఇది వ్యాసంలో రాస్తే మార్కులు వెయ్యరేమో, చూసుకో. శత్రువు వచ్చాడనే రాయి, మీ మాస్టార్లకి అదే నచ్చుతుంది. నువ్వు మాత్రం చల్లగా ఉండు తల్లీ. అడగాలనిపించినప్పుడు అడిగేసే బుద్ధి దేవుడు నీకివ్వాలి. నాకైతే ఆ ఎకరం... కాలవ పక్కనే ఉండేది, నీళ్లకి కొదవ లేదు. మంచి ఎకరమే ఉంచారు నాకు. అదీ నాకు అర్థం కాదు...