విడివిడిగా ఆరు సీసాలు

కోల్‌కతాలో ఒక పెద్దాసుపత్రి, ఆడవాళ్ల వార్డు. ఐసు డబ్బాతో వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్, మంచం మీద పడుకున్న శెఫాలి అనే పిల్ల తల్లితో మాట్లాడుతున్నాడు.

"సైకిలా? మా పిల్లకు తొక్కడమే రాదు దాదా!"

"సైకిల్ కాదు దీదీ, సైక్లిక్ ఏఎంపీ. ఒంట్లో కణాలకు కబురు మోసే పదార్థం. సూదిమందు పడ్డాక అది ఉచ్చలో పెరిగితే ఒక జబ్బు, పెరగకపోతే ఇంకో జబ్బు. పిల్ల చేతులు ఎందుకు కొంకర్లు పోతున్నాయో అప్పుడు తేలుతుంది. సూదికి ముందువి రెండు, తర్వాతవి నాలుగు సీసాలు ఇలా ఇవ్వు."

"ఇదిగో."

"ఇది క్యాను కదా! కాళీమాత ఊళ్లో సీసాలన్నీ ఖాళీయేనా?"

"కడిగి బోర్లించా. పోయినసారి విడివిడిగా ఇస్తే నర్సు తిట్టింది, రోజంతటిదీ ఒకే క్యానులో పోయాలని. అందుకే ఈసారి అడక్కముందే ఒక్క చుక్క పోకుండా కలిపేశా."

"అది వేరే పరీక్ష దీదీ. ముందుదీ తర్వాతదీ కలిసిపోయాక ఎంత పెరిగిందో ఎలా చూడను? నువ్వు కలిపావు గానీ, మనకు కలిసిరాలేదు."

"దానికేం! డాబ్ బొండాల నీళ్లు పట్టిస్తా, సాయంత్రానికి పన్నెండు సీసాలిస్తుంది."

"ఉచ్చకు కరువు లేదు దీదీ. సూదిమందుకే కరువు. నాలుగు నెలలు ఎదురుచూస్తే ఒక్కటొచ్చింది. పొద్దున ఎక్కించింది అదే."

ఆమె కూతురి వేళ్లు సవరించింది.

"అంత మెల్లగా చెబుతావేం దాదా? గట్టిగా చెప్పు. పక్క మంచాల తల్లులూ వినాలి."

అతను గొంతు పెంచి, ఏ పరీక్షకు కలపాలో, దేనికి కలపకూడదో వార్డంతటికీ మొదటినుంచి చెప్పాడు. అందరికంటే శ్రద్ధగా శెఫాలి తల్లే విన్నది.